ఫోర్ట్ విల్డర్‌నెస్‌లో గుడారం వేసుకుంటే అది క్యాంపింగేనా?

అట్లాంటా నాన్న

అందరికీ నమస్కారం. మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి ఓర్లాండో వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పెద్దది, నాలుగేళ్ల చిన్నది, నరసరావుపేట నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం. డిస్నీ వాళ్ల ఫోర్ట్ విల్డర్‌నెస్ క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు గుడారాల్లో ఉండాలని నా కోరిక. అది విని మా స్నేహితుడొకాయన, "అది క్యాంపింగూ కాదు, హోటలూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతావు. గది తీసుకో, లేదంటే స్టేట్ పార్కుకి పో" అన్నాడు. అప్పటినుంచి ఏదీ తేల్చుకోలేకపోతున్నాను. వెళ్లొచ్చినవాళ్లూ, వద్దనుకున్నవాళ్లూ కారణాలతో చెప్పండి.

అడవిబాట

మీ స్నేహితుడి మాటే నా మాట. ఫోర్ట్ విల్డర్‌నెస్‌లో సైటు, అంటే గుడారం వేసుకునే జాగా, అద్దె రాత్రికి వంద డాలర్లు దాటుతుంది, రద్దీ రోజుల్లో ఇంకా పెరుగుతుంది. అక్కడికి గంటలోపు దూరంలో, అపాప్కాలో వెకీవా స్ప్రింగ్స్ స్టేట్ పార్కు ఉంది. అద్దె అందులో చిన్న భాగం. ఊటనీరు ఎండాకాలమైనా చలికాలమైనా 72 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే ఉంటుంది. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి రాత్రి తిండి సామానంతా కారులో పెట్టి తాళం వేసుకోవాలి. మావాడికి ఏడేళ్లప్పుడు ఆ పని అప్పజెప్పాను. వాడు మూడుసార్లు వెళ్లి తాళం లాగి చూసొచ్చాడు. ఆ బాధ్యత ఏ రైడూ నేర్పదు.

పిల్లలకి చీకటి చూపించాలి, చీకట్లో వినిపించేవేమిటో చెప్పాలి. పగలంతా క్యూల్లో నిలబడి, రాత్రి ఒళ్లు వాల్చడానికి మాత్రం గుడారంలోకి దూరితే, దాన్ని బట్టగోడల లాడ్జి అనాలి.

టాంపా అక్క

అడవిబాట గారూ, వెకీవా మాకూ ప్రాణమే, ఏటా వెళ్తాం. కానీ బట్టగోడల లాడ్జి అన్న మాట ఒప్పుకోను. ఫోర్ట్ విల్డర్‌నెస్‌లో నాలుగుసార్లు ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

అది పార్కు పక్కన మిగిలిపోయిన జాగాలో వేసిన పార్కింగ్ లాటు కాదు. డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరిస్తే, ఈ క్యాంప్‌గ్రౌండ్‌ని అదే ఏడాది నవంబరు 19న తెరిచారు. అంటే మొదటి నుంచీ ఉన్నది. దాదాపు 750 ఎకరాల పైన్, సైప్రస్ చెట్లు, పక్కన బే లేక్ చెరువు. ఒక్కో సైటుకి బల్ల, బొగ్గుల గ్రిల్, నీటి కుళాయి, కరెంటు ఉంటాయి. పదిమంది దాకా ఉండొచ్చు. తక్కువ ధర హోటళ్లలో మామూలు గదికి నలుగురే కాబట్టి మీ ఆరుగురికి రెండు గదులు కావాలి. అడవిబాట గారు సైటు అద్దెని స్టేట్ పార్కుతో పోల్చారు, మీరు రెండు గదులతో పోల్చుకోండి.

అసలు చెప్పాలనుకున్నది మా మామయ్యగారి సంగతి. అంతకుముందు ఏడాది అందరం హోటల్లో దిగాం. ఆయన మూడు రోజులూ గదిలో టీవీ ముందు కూర్చున్నారు. పార్కులో నడవలేరు, గది బయట కూర్చోవడానికి చోటు లేదు. మరుసటి ఏడు ఫోర్ట్ విల్డర్‌నెస్‌లో తెల్లవారుజామున ఐదింటికే లేచి, స్టవ్ మీద కాఫీ పెట్టుకుని తాగి, సైట్ల చుట్టూ తిరిగే లూపు రోడ్డు వెంట నడకకి వెళ్లారు. జింకని చూశానని వచ్చి మమ్మల్ని లేపారు. పక్క సైటులో ఆర్వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, ఉన్న ఒహాయో పెద్దాయనకీ ఈయనకీ భాష కుదరకపోయినా రెండో రోజుకి ఇద్దరూ కుర్చీలు పక్కపక్కనే వేసుకున్నారు. పిల్లలు సైకిళ్ల మీద కనుచూపు దాటి పోతే మా అత్తయ్యగారు రోడ్డు మీదకొచ్చి "ఒరేయ్, అన్నానికి రండ్రా" అని కేకేశారు. అమెరికా వచ్చాక ఆవిడ అలా కేకేసి పిల్లల్ని పిలవడం నేను అదే మొదటిసారి విన్నాను.

అడవిబాట గారు అన్నదాంట్లో ఒక ముక్క మాత్రం నిజం. రోజూ పొద్దున్నుంచి రాత్రిదాకా పార్కులోనే ఉంటే గుడారం దండగే. కాబట్టి నాన్నగారూ, మధ్యలో ఒక రోజు పార్కుకి వెళ్లకండి. మూడేళ్లు నిండిన ప్రతివాళ్లకీ టికెట్ కొనాలి, ఆ ఖర్చూ ఒక రోజుకి తప్పుతుంది. పొద్దున ట్రై సర్కిల్ డీ రాంచ్‌లో గుర్రాల్ని చూడండి. మధ్యాహ్నం సైటులోనే వంట. సాయంత్రం నెగడు దగ్గర చిప్, డేల్ ఉడతలతో కలిసి పాటలు, తరవాత ఆరుబయట సినిమా. రెండింటికీ పైసా అడగరు. మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా చెరువు ఒడ్డునుంచే కనిపిస్తుంది. ఆ పార్కుకి వెళ్లాల్సిన రోజున రేవులో పడవెక్కితే చాలు, కారు తీయక్కర్లేదు.

వర్షం సంగతి కూడా దాచను. ఒకసారి ఆగస్టులో వెళ్లాం. మధ్యాహ్నం ఉరుముల వాన, గుడారంలోకి నీళ్లు. దుప్పట్లన్నీ ఎత్తుకుని స్నానాల గదులున్న భవనంలోకి పరిగెత్తాం, అక్కడే ఉన్న డ్రయ్యర్లలో వేశాం. స్టేట్ పార్కులో అదే వాన పడి ఉంటే పెద్దవాళ్లతో ఆ రాత్రే ఇంటికి తిరిగొచ్చేవాళ్లం. మార్చిలో మీకా బెడద తక్కువ.

షార్లెట్ నర్సు

టాంపా అక్క గారు మనసుతో రాశారు, నేను మోకాళ్లతో ఆలోచిస్తున్నాను. మీ అమ్మగారికి అరవై దాటి ఉంటే నేల మీద పడుకోబెట్టకండి. ఎత్తుగా ఉండే మడత మంచం తీసుకెళ్లండి. స్నానాల గదులు లూపు మధ్యలో ఉంటాయి, అర్ధరాత్రి లేచి టార్చితో నడవాలి. షుగరు ఉన్నవాళ్లు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. బుక్ చేసేటప్పుడే దగ్గరి సైటు అడగండి.

లోపల ఒక చోటినుంచి ఇంకో చోటికి సొంత కారులో తిరగనివ్వరు. లోపలి బస్సు కానీ, అద్దెకి తీసుకున్న గోల్ఫ్ కార్టు కానీ ఎక్కాలి. మ్యాజిక్ కింగ్‌డమ్ కాకుండా వేరే పార్కుకైతే ఆ బస్సు దిగి మళ్లీ ఇంకో బస్సు. నాలుగేళ్ల పిల్ల నిద్రపోయాక ఆ రెండో బస్సు ఎక్కడం ఎంత కష్టమో ఊహించుకోండి. 2024లో అక్కడే కొత్త క్యాబిన్లు వచ్చాయి. ఆరుగురు పడుకోవచ్చు, వంటిల్లూ ఏసీ ఉన్నాయి. ధర గుడారం సైటుకి ఎన్నో రెట్లు.

డల్లాస్ శాకాహారి

ఒక్క మాట. నెగడు దగ్గర కాల్చుకునే మార్ష్‌మెల్లో మిఠాయిల్లో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. మీ అమ్మగారు తినకపోతే డాండీస్ లాంటి జెలటిన్ లేని రకం ముందే కొని తీసుకెళ్లండి. అందరూ కాల్చుకుంటుంటే ఆవిడ ఖాళీ పుల్లతో కూర్చోకూడదు.

ప్రభల బండి

మాదీ పల్నాడే కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకి మా తాతవాళ్లు బండి కట్టుకుని వెళ్లేవాళ్లు. ఎడ్లని విప్పి, బండి కింద గడ్డి పరిచి, పక్కనే మూడు రాళ్ల పొయ్యి పెట్టేవాళ్లు. చుట్టూ ప్రభలు, దీపాలు, మైకులు, జనం. చీకటీ లేదు, నిశ్శబ్దమూ లేదు. అయినా ఆ రాత్రి గురించి మా నాన్న డెబ్బై ఏళ్ల వయసులో కూడా చెప్పేవాడు. జాతర పక్కన చెట్టు కింద సంసారం పెట్టడం మనవాళ్లకి కొత్త కాదు. అడవిలో ఉండటం ఒక ఆనందం, జాతరలో బస చెయ్యడం ఇంకో ఆనందం. రెండోది మొదటిదానికి నకలు అనుకోవడం వల్లే ఈ గొడవ.

అడవిబాట

ప్రభల బండి గారు చెప్పింది రెండుసార్లు చదివాను. బాగుంది. కానీ తిరనాళ్లకి వెళ్లే రైతు కుటుంబం మిగతా రోజులన్నీ చెట్ల మధ్యే ఉండేది, చీకటి వాళ్లకి ఇంటి ముందే దొరికేది. మన పిల్లలకి అది ఎక్కడా లేదు. వాళ్లు మొదట చూసే గుడారం దీపాల మధ్య ఉంటే, తరవాత నిజమైన అడవికి తీసుకెళ్లినప్పుడు "ఇక్కడ సినిమా ఎప్పుడు" అని అడుగుతారు. నా భయం అది.

టాంపా అక్క

మా చిన్నవాడు అచ్చం అలాగే అడిగాడు. వెకీవాలో మొదటి రాత్రి. రెండో రాత్రి అడగలేదు. గుడారం అంటే భయం అప్పటికే పోయింది కాబట్టే వెకీవాకి వచ్చాడు, లేకపోతే మా ఇంట్లో ఎవరూ కదిలేవారు కాదు.

అట్లాంటా నాన్న

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను. కోటప్పకొండ పేరు రాగానే ఆపి, "మేమూ అలాగే పడుకున్నాం, నీకెప్పుడూ చెప్పలేదా?" అంది. చెప్పలేదు. క్యాబిన్ వద్దంది, మడత మంచం మాత్రం కావాలంది. గుడారం సైటే బుక్ చేశాను, స్నానాల గదులకి దగ్గరగా ఇవ్వమని అడిగాను. పార్కు టికెట్లు రెండు రోజులకే. అడవిబాట గారూ, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రాత్రి వెకీవాలో ఉందామనుకుంటున్నాను, సైట్లు దొరికితే.

అడవిబాట

వెకీవా వారాంతం సైట్లు చాలా ముందే అయిపోతాయి, ఈరోజే చూడండి. ఇంకోటి, ఫ్లోరిడాలో ఎక్కువగా ఇసుక నేల. గుడారంతో ఇచ్చే పొట్టి మేకులు గాలికి ఊడొస్తాయి. పొడుగు మేకులు విడిగా కొనుక్కోండి. తిండి పెట్టి కారు తాళం వేసే పని పెద్దమ్మాయికి ఇవ్వండి.