ఎవరేం చెప్పినా మారిపోయే మనిషిని ఏమంటాం?

ప్రశ్న:
కథలో ఒక పెద్దాయన ఉన్నాడు. రాత్రి బావమరిది వచ్చి పొలం అమ్మేయమంటే సరేనంటాడు. తెల్లారి భార్య వద్దంటే అదీ నిజమేనంటాడు. చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. 'సులభంగా ప్రభావితమయ్యే వ్యక్తి' అని రాస్తే ఇంకో భాషలోంచి దించినట్టుంది. 'గంగిరెద్దు' అనొచ్చా? 'గోడమీద పిల్లి' నప్పుతుందా? చదివేవాళ్లకు ఆయనమీద కోపం రాకూడదు, జాలి కలగాలి.

జవాబు 1:
ఆ రెండూ వద్దండి. గోడమీద పిల్లికి సొంత లెక్క ఉంటుంది, ఏ వైపు లాభమో తేలేదాకా దూకదు. 'ఏ ఎండకా గొడుగు పట్టేవాడు' కూడా అలాంటిదే. మీ పెద్దాయనకు లాభం ధ్యాసే లేదు. ఇక గంగిరెద్దు. 'అయ్యగారికి దండం పెట్టు' అంటే తల ఊపుతుంది, అంతేగాని దాని మనసు మారిందని ఎవరూ అనుకోరు. గంగిరెద్దు, డూడూ బసవన్న, తందానతాన, ఇవన్నీ పైవాడి ముందు అవునవునని బతికేవాళ్లకు పెట్టిన పేర్లు. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా నిలబడ్డ వంతలు 'తందాన తాన' అని అందుకుంటారు చూడండి, ఆ అందుకోవడంలో సొంత అభిప్రాయమేమీ ఉండదు.

ముందు ఆయన్ని కదిలిస్తున్నదేమిటో తేల్చుకోండి. ఒకరిమీద ఇంకొకరు చెప్పింది నమ్మితే 'చెప్పుడు మాటలు వినే మనిషి'. పొగిడితే పొంగిపోతే 'ఉబ్బులింగడు'. అతన్ని మునగచెట్టు ఎక్కిస్తారు. మునగకొమ్మ పుటుక్కున విరుగుతుంది కాబట్టి, ఎక్కించడంలోనే కిందపడటమూ ఉంది. కాదనలేక ఒప్పుకుంటే 'మొహమాటస్థుడు'. 'గొర్రెదాటు' గుంపుకే అతుకుతుంది, ఒక్క మనిషికి వాడితే తేలిపోతుంది. చివర ఎవరి మాట వింటే అదే సబబనిపించేవాడు 'నిలకడ లేని మనిషి', మీ పెద్దాయన ఈ కోవలోకే వస్తాడు. అయితే ఆ మాటలో నింద ఉంది. జాలి కావాలన్నారు గనక 'మెతక మనిషి' అనండి, ఆ నిలకడలేమిని ఆయన చేసే పనుల్లో చూపించండి.

జవాబు 2:
పై జవాబుకు రెండు చేర్పులు.

'కీలుబొమ్మ' వాడాలనిపిస్తే ఆడించే చెయ్యి ఎవరిదో చెప్పాలి: 'బావమరిది చేతిలో కీలుబొమ్మ'. ఇక్కడ భార్య మాటా చెల్లుతోంది కాబట్టి కుదరదు.

రెండోది చెప్పుడు మాటల సంగతి. 'చాడీకోరు' అన్నది చెప్పేవాడి పేరు, చాలామంది వినేవాడికి తగిలిస్తున్నారు. వినేవాడికి వాడుకలో ఒంటిమాట లేదు, విడమరచి చెప్పాల్సిందే. దీనికి కైకను మించిన ఉదాహరణ లేదు. రాముడి పట్టాభిషేకం కబురు తెచ్చిన మంథరకు ఆమె మొదట సంతోషంతో నగ బహుమతిచ్చింది. మనసు విరిగింది ఆ తర్వాతే. విరిగాక దశరథుడు ఎంత బతిమాలినా కదల్లేదు. ఒకసారి తిరిగి అక్కడే బిగుసుకుపోయిన మనసు అది. మీ పాత్ర పూటపూటకీ మారుతోంది, అందుకే 'చెప్పుడు మాటలు' ఆయనకు సరిపోదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. 'భోళా మనిషి' అంటే ఎలా ఉంటుంది? ఇంకొకటి, ఈ ముక్క భార్య నోట తెలంగాణ యాసలో రావాలి.

జవాబు 3:
భోళా అంటే కపటం తెలియనివాడు. అడిగిన వరమల్లా ఇచ్చేసే భోళాశంకరుడు గుర్తొస్తాడు గనక ఆ మాటలో ప్రేమ పలుకుతుంది. కానీ భోళా మనిషి మోసపోతాడేగాని మాట మార్చడు. మీ పాత్రకు అది సగమే వర్తిస్తుంది.

భార్య ఆయనకు పేరు పెట్టదు, ఆయన చేసేది చెబుతుంది: 'ఎవలేం జెప్తే గదే నిజమంటడు. ఒక్క మాట మీద ఉండడు.' బాగా విసిగిన చోట 'గంగిరెద్దు లెక్క తలూపుతడు' అనిపించినా తప్పులేదు. కోపంలో ఉన్న మనిషి పైన చెప్పిన తేడాలన్నీ చూసుకోదు. కథకుడి గొంతులో మాత్రం ఆ మాట రానివ్వకండి.

బావమరిది దగాకోరైతే 'గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది' అన్న సామెత ఉండనే ఉంది. అయితే అందులో కసాయి ఉన్నాడు, ముందే వాడితే బావమరిది గుట్టు బయటపడిపోతుంది. పొలం రిజిస్ట్రేషన్ అయ్యాక ఊళ్లోవాళ్ల చేత అనిపించండి.