«జూలియస్, సీజర్ కాన్సళ్లుగా ఉండగా»

ప్రశ్న: క్రీ.పూ. 59ని రోమన్లు "జూలియస్, సీజర్‌ల ఏడు" అన్నారని ఒకచోట చదివాను. ఇద్దరూ ఒకడే కదండీ, అచ్చుతప్పా?

జవాబు: తప్పు కాదండీ, వెటకారం. రోమ్‌లో ఏటా ఇద్దరు కాన్సళ్లు, అంటే రాజ్యాన్ని నడిపే అత్యున్నత అధికారులు. ఆ ఏటికి వాళ్ల పేర్లే పేరు. మనకు ప్రభవ, విభవ ఉన్నట్టు. తేదీ వేయాలంటే "ఫలానా, ఫలానా కాన్సళ్లుగా ఉండగా" అని రాయాలి. సంస్కృతం వచ్చినవాళ్లకు సతి సప్తమి తడుతుంది. లాటిన్‌లో ఆ పని అబ్లేటివ్ విభక్తిది.

ఆ ఏడు రాయాల్సింది సీజర్, బిబులస్ అని. సీజర్ భూపంపిణీ చట్టానికి బిబులస్ అడ్డుపడ్డాడు. ఊరి నడిబొడ్డు మైదానమైన ఫోరంలో అతని నెత్తిన పేడబుట్ట కుమ్మరించారని చరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. అతని ముందు భటులు మోసే బెత్తాల కట్టలనూ విరగ్గొట్టారు. ఆపైన పదవి ముగిసేదాకా ఇల్లు కదల్లేదు. 'ఆకాశంలో శకునాలు చూస్తున్నాను, సభ జరపకూడదు' అంటూ ప్రకటనలు పంపేవాడు. సీజర్ ఖాతరు చేస్తేనా! చట్టాలు వరసగా నెగ్గాయి, ఐదేళ్లపాటు గాల్ ప్రాంతపు పాలనా చేతికొచ్చింది.

అప్పుడు ఊరంతా తిరిగిన రెండు పాదాల పద్యాన్ని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ భద్రపరిచాడు. భావం ఇది: "మొన్నామధ్య ఒక పని జరిగింది, బిబులస్ హయాంలో కాదు, సీజర్ హయాంలో, బిబులస్ కాన్సల్‌గా ఉండగా ఏదైనా జరిగిన గుర్తే లేదు నాకు."

ప్రశ్న: పాపం బిబులస్! అంత చేతకానివాడా?

జవాబు: ఆ ఎకసెక్కెం అతనొక్కడి మీదే అనుకోను. ఒక్కడే రాజై కూర్చోకూడదనే కదా ఇద్దర్ని పెట్టుకున్నది. రెండు పేర్ల చోటునూ ఒకడే నింపేశాడనడం సీజర్‌కు తగలాల్సిన దెబ్బ. పైగా బిబులస్ ప్రకటనలు అంటించిన చోట జనం ఎగబడి చదువుతుంటే దారి మూసుకుపోతోందని ఆ కాలపు వక్త సిసెరో ఉత్తరంలో ఉంది.

అతనికీ మాట పదును తక్కువేం కాదులెండి. క్రీ.పూ. 65లో ఇద్దరూ ఈడైల్స్‌గా (ఊరి ఆటలు, కట్టడాలు చూసుకునే అధికారులుగా) కలిసి ఆటలు జరిపిస్తే పేరంతా సీజర్‌కే వచ్చింది. కవల దేవుళ్లు కాస్టర్, పోలక్స్‌ల గుడిని జనం కాస్టర్ గుడి అనే పిలిచేవారు. "పోలక్స్ గతే నాకూ పట్టింది" అన్నాడట.