రొమ్ము తగ్గించే ఆపరేషన్: షుగర్ ఉంటే కుట్లు మానవా?

గుంటూరు టైలరమ్మ:
సిగ్గు విడిచి అడుగుతున్నా అక్కా. నాకు 43. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 84. బ్రాడీపేటలో టైలరింగ్ షాపు. ఊరందరికీ జాకెట్లు కుడతా, నా జాకెట్టుకే కొలత కుదరదు. మిషన్ మీద వంగితే మెడ, భుజాలు లాగేస్తాయి. బ్రా పట్టీలు దిగబడి భుజాల మీద గాట్లు పడ్డాయి. ఎండాకాలం కింద ఒరుసుకుపోయి ఒకటే మంట. ఆపరేషన్ చేయొచ్చు, ముందు షుగర్, బరువు తగ్గించుకుని రమ్మన్నారు డాక్టరు. మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 8.6 ఉంది. "కుట్లు విచ్చుకుంటాయట, చనుమొన నల్లబడి ఊడిపోతుందట" అని మా ఆడపడుచు టెన్షన్ పెడుతోంది. నిజమేనా?

బెజవాడ పిన్ని:
అమ్మాయీ, నాకు 52. రెండేళ్ల కిందట చేయించుకున్నా. కుట్టు విచ్చుకుంది. దాచడం ఎందుకు?

టైలరువి కాబట్టి నీకు ఇట్టే అర్థమవుతుంది. మొన కింద నిలువు కుట్టు, రొమ్ము కింద అడ్డ కుట్టు వేస్తారు. రెండూ కలిసే మూలలో లాగుడంతా పడుతుంది. నాకు మూడో వారం అక్కడే రూపాయి బిళ్లంత నోరు తెరుచుకుంది. అయిదు వారాలు డ్రెస్సింగ్. మళ్లీ కోయకుండానే మానిందిలే.

తప్పు నాదే. సిగరెట్ తాగుతారా అంటే లేదన్నా. అబద్ధం కాదుగా! రాత్రిళ్లు పళ్లకు నశ్యం వేసుకునే సంగతి మాత్రం చెప్పలేదు. అదీ పొగాకేనని తట్టలేదు.

ఓటీ సిస్టర్, విజయవాడ:
పిన్నిగారు చెప్పింది చాలా ముఖ్యం. సిగరెట్టయినా, గుట్కా అయినా, నశ్యమైనా అందులో ఉండేది నికోటినే. అది రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. ఈ ఆపరేషన్లో మామూలుగా మొనను పూర్తిగా కోసి తీయరు. పండుకు తొడిమలా కొంత కండకు అంటిపెట్టే ఉంచి పైకి జరుపుతారు. ఆ తొడిమలో రక్తం ఆడకపోతేనే మీ ఆడపడుచుగారు చెప్పినట్టు నల్లబడేది. అది అరుదు. ఎక్కువగా చూసేది కుట్టు విచ్చుకోవడమే. ఎంత ఎక్కువ కండ తీస్తే, మొనను ఎంత దూరం జరిపితే రిస్క్ అంత పెరుగుతుంది. పొగాకు కనీసం 4 వారాల ముందే మానాలి.

మీ ఎత్తుకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 34 దగ్గర వస్తుంది, అంటే బరువు ఎక్కువే. అది, షుగర్ రెండూ కలిస్తే గాయం మానడం ఆలస్యం, చీము పట్టే అవకాశమూ ఎక్కువ. నన్నడిగితే ముందు షుగర్ పట్టుకోండి, 7 దగ్గరికి తెచ్చుకోండి. రక్తం పలచన చేసే మాత్రలు, స్టెరాయిడ్లు వాడుతుంటే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. 40 దాటారు కాబట్టి మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా అడుగుతారు.

తెనాలి కోడలు:
బరువు తగ్గమని చెప్పడం తేలికే! ఈ బరువు మోసుకుంటూ వాకింగ్ చేసి చూడమనండి వాళ్లను.

ఓటీ సిస్టర్, విజయవాడ:
నిజమేనండి, అందుకే ముందు షుగర్ అన్నాను. బరువు ఎంతవరకు తగ్గితే చేస్తారో అంకె చెప్పమని డాక్టరునే అడగండి.

గుంటూరు టైలరమ్మ:
పిన్నీ, నీ నశ్యం మాట దగ్గర ఆగిపోయా. పన్ను సలిపినప్పుడల్లా మా అత్తగారి డబ్బాలోంచి నేనూ చిటికెడు తీస్తుంటా. మంగళవారం వెళ్తున్నా, అదీ చెప్తా.