పోకర్ టోర్నమెంట్ల కోసం ఊరు దాటి వెళ్లేవారు అక్కడి స్నేహాలను, ఇక్కడి బంధుత్వాలను ఎలా నడుపుకుంటున్నారు?

ప్రశ్న: హనుమకొండ వాసి

నేను హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూ, మిగిల్చుకున్న సెలవులతో గోవాలో జరిగే పోకర్ టోర్నమెంట్లకు వెళ్తుంటాను. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2017లో సవరించిన తరువాత, నైపుణ్యం ఉన్న ఆటలైనా సరే, డబ్బు పందెంగా పెట్టి ఆడే వీలు ఇక్కడ లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో ఫోనులో ఆడే దారి కూడా మూసుకుపోయింది. అందువల్ల రైలెక్కి వెళ్లి, మనుషుల మధ్య కూర్చుని ఆడే టోర్నమెంట్లే నాకు మిగిలాయి.

ఆట గురించి అడగడానికి ఈ ప్రశ్న పెట్టడం లేదు. చేతికి వచ్చిన రెండు ముక్కలతో, బల్ల మీద తెరిచే ఐదు ముక్కలతో ఏం చేయాలో నేర్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. నాకు అర్థం కానిది ఆట చుట్టూ ఉన్న జీవితం. ఉదయం నుంచి పక్క కుర్చీలో కూర్చున్న మనిషి తన కూతురి చదువు గురించి, తన వ్యాపారం గురించి ఎంతో ఆప్యాయంగా చెబుతాడు. సాయంత్రానికి అదే మనిషి నా చిప్స్ అన్నీ గెలుచుకుంటాడు, నేను లేచి అందరికీ నమస్కారం పెట్టి బయటకు వస్తాను, ఆ తరువాత మా మధ్య ఒక్క మాట కూడా ఉండదు. టోర్నమెంటు మొత్తానికీ గది తీసుకుని ఉంటాను కాబట్టి, మొదటి రోజే ఆటలోంచి వెళ్లిపోతే మిగిలిన రోజులు ఎవరితో, ఎలా గడపాలో తోచదు.

ఇంకో సంగతి డబ్బుకు సంబంధించినది. పరిచయం కాస్త పెరగగానే కొందరు గది పంచుకుందామంటారు, కొందరు గెలుపులో వాటాలు మార్చుకుందామంటారు, కొందరు మళ్లీ ప్రవేశించడానికి అప్పు అడుగుతారు. కాదంటే స్నేహం చెడుతుందేమోనని, అవునంటే డబ్బు పోతుందేమోనని మొహమాటం.

ఇక ఊళ్లో సంగతి. నా భార్యకు అన్నీ తెలుసు. బంధువులకు మాత్రం టోర్నమెంటుకు వెళ్తున్నానని చెబితే చాలు, అర్జున్ ఎరిగైసి ఊరు కదా, చదరంగం అనుకుంటారు. మొన్న ఒక పెళ్లిలో మా చిన్న మామగారు నన్ను నలుగురికి చెస్ ఆటగాడిగా పరిచయం చేస్తే నేను ఖండించలేదు. ఇటువంటి ప్రయాణాలు చేసేవారు ఈ మూడింటినీ ఎలా సర్దుకుంటున్నారో చెప్పగలరు.

సమాధానం: కాజీపేట జంక్షన్

మీ మొదటి ప్రశ్నకు జవాబు టోర్నమెంటు నిర్మాణంలోనే ఉంది. సాధారణంగా ప్రవేశించినవారిలో పది నుంచి పదిహేను శాతం మందికే బహుమతి సొమ్ము దక్కుతుంది, మిగిలినవారంతా ఏమీ లేకుండానే లేచి వెళ్తారు. అంటే ముందుగా బయటకు రావడం ఈ ఆటలో నిత్యం జరిగేదే, మనం మాత్రం దానిని అనుకోని ఆపదలా చూస్తూ, ఫైనల్ టేబుల్ దాకా ఉంటామన్న లెక్కతో గది తీసుకుంటాం. నేను మొదటి రోజుకు మాత్రమే గది తీసుకుని, రెండో రోజుకు చేరితే పొడిగించుకుంటాను. మొదటి రోజు ఆటను 1ఏ, 1బీ, 1సీ అని విడతలుగా పెడతారు కాబట్టి, చివరి విడతలో కూర్చుంటే గెలిచినా ఓడినా మధ్యలో ఖాళీ రోజులు మిగలవు.

రెండు ఏసులు చేతికి రావడం 221 సార్లలో ఒకసారి జరిగే సంగతి. అలా వచ్చి, ఎదుటివాడి దగ్గర రెండు రాజులు ఉండి, ఇద్దరూ ఉన్నదంతా ముందుకు నెట్టినా, ఐదారుసార్లకు ఒకసారి ఓటమి తప్పదు. ఈ లెక్క తెలిసినవాడు కూడా అలా ఓడిన అరగంటకు తన కథను ఎవరికైనా చెప్పుకోవాలని తహతహలాడతాడు. వినేవారు దొరకక, టోర్నమెంటుతో సంబంధం లేకుండా సొంత డబ్బు పెట్టి ఆడే క్యాష్ టేబుల్ దగ్గరకు నేరుగా వెళ్లి కూర్చుంటాడు. ప్రయాణంలో అసలు నష్టం జరిగేది అక్కడేనని నా అభిప్రాయం. అందుకని ఆట జరిగే క్యాసినో నౌక దిగి, పడవలో ఒడ్డుకు వచ్చి, ఆ రాత్రికి మళ్లీ ఎక్కకుండా ఉండే ఏర్పాటు ఏదో ఒకటి ముందే చేసుకోవాలి. పణజిలో పాటో ప్రాంతంలో 1832లో మొదలైన ప్రభుత్వ గ్రంథాలయం ఉంది, మధ్యాహ్నాలు అక్కడ హాయిగా గడిచిపోతాయి. పాత గోవా నుంచి ఫెర్రీ మీద దివార్ దీవికి వెళ్లిరావచ్చు. ఈ ప్రయాణాలకు మరో ఆటగాణ్ణి వెంటబెట్టుకుని వెళ్తే ఓడిన చేతి (ఒకసారి ముక్కలు పంచి ఆడిన ఆట) గురించిన చర్చే నడుస్తుంది కాబట్టి, నేను ఒంటరిగానే వెళ్తాను.

స్నేహాల విషయంలో మీరు ఎదుటివారి నుంచి మరీ ఎక్కువ ఆశిస్తున్నారేమో అనిపిస్తుంది. టేబుల్ మీద మిమ్మల్ని ఓడించిన మనిషి ఇంకా ఆడుతూనే ఉంటాడు, బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే పెట్టి తీరవలసిన పందేలు, ప్రతి ముప్పై నలభై నిమిషాలకు పెరుగుతూనే ఉంటాయి, ఫోనులో మాట్లాడాలన్నా టేబుల్ వదిలి పక్కకు వెళ్లాలి. అతను పలకరించలేదంటే మిమ్మల్ని మరిచిపోయాడని కాదు. నేను పాటించే పద్ధతి ఒకటి ఉంది. నాతో మంచిగా మాట్లాడిన వ్యక్తి ఆటలోంచి వెళ్లిపోతే, భోజన విరామంలో అతనికి ఒక మెసేజ్ పెడతాను, ఆటను ప్రస్తావించకుండా రేపు ఉదయం టీకి వస్తారా అని మాత్రమే అడుగుతాను. ఇప్పటికీ నిలిచిన నా పరిచయాలు దాదాపు అన్నీ అలా మొదలైనవే.

ఒక చిన్న హెచ్చరిక కూడా చెప్పాలి. అక్కడ తెలుగువారు కనిపిస్తే ప్రాణం లేచివస్తుంది, కానీ చేయి నడుస్తుండగా తెలుగులో మాట్లాడుకోవద్దు. నిర్వాహకులు అనుమతించిన భాషలోనే మాట్లాడాలనే నిబంధన దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. మీరు మాట్లాడింది వాన గురించే అయినా, అర్థం కాని ఎదుటివారికి అది ముక్కల గురించేనని అనిపిస్తుంది. సకినాలు పంచుకుంటూ ఎంతసేపైనా తెలుగులో మాట్లాడుకోవడానికి విరామాలున్నాయి.

సమాధానం: లెక్కల మాస్టారు, కరీంనగర్

వాటాల మార్పిడి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ ఒక్కటే రాస్తాను, ఎందుకంటే నేను చూసినంతలో పోకర్ స్నేహాలు చెడింది ఓటమి వల్ల కాదు, గెలుపు వల్ల.

ఇద్దరు ఆటగాళ్లు చెరో పది శాతం మార్చుకున్నారనుకోండి. ఒకరికి రెండు లక్షల బహుమతి వచ్చింది. రెండోవారు ఇరవై వేలు వస్తాయని ఎదురుచూస్తారు. కానీ పేక ఆటల గెలుపు మీద ముప్పై శాతం పన్ను ఉంది, నిర్వాహకులు ఆ అరవై వేలు కోసుకున్న తరువాతే సొమ్ము చేతికిస్తారు. రిటర్ను వేసేటప్పుడు ఆ పన్ను మీద నాలుగు శాతం సెస్సు, అంటే మరో 2,400 కట్టాలి. చివరకు మిగిలేది 1,37,600, అందులో పది శాతం 13,760 మాత్రమే. ఇరవై వేలకు, దీనికి ఉన్న తేడా దగ్గర ఎన్ని మాటలు పడ్డారో నాకు తెలుసు. కాబట్టి వాటా పన్నుకు ముందు సొమ్ములోనా, తరువాత సొమ్ములోనా అన్నది ఆట మొదలుకాకముందే మెసేజ్ రూపంలో రాసుకోవాలి. ఎవరి పేరు మీద గెలుపు నమోదైందో పన్ను వారి ఖాతాలోనే పడుతుంది, మిత్రుడికి ఇచ్చిన వాటాను ఖర్చుగా చూపే వీలు లేదు. ప్రవేశ రుసుము, రైలు ఛార్జీ, గది అద్దె కూడా చూపడానికి లేదు, వేరే టోర్నమెంట్లలో పోయిన డబ్బును ఇందులో తగ్గించుకోవడానికీ లేదు. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా ఈ గెలుపు మీద పన్ను తప్పదు.

వాటాలు మార్చుకున్న ఇద్దరు ఒకే టేబుల్‌కు వస్తే ఒకరి మీద ఒకరు మెత్తగా ఆడటం నేరంతో సమానమని కూడా గుర్తుంచుకోవాలి. ఇది ఎవరికి వారు ఆడే ఆట. స్నేహితుడని పందెం పెంచకుండా వదిలేసినట్టు తేలితే శిక్ష వేస్తారు, టోర్నమెంటు నుంచి పంపించివేయవచ్చు కూడా. ఈ కారణంగానే నేను వాటాలు మార్చుకునే మనిషి, గది పంచుకునే మనిషి ఒకరే కాకూడదంటాను.

సమాధానం: మానేరు తీరం

నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మహిళను, ఏడాదిలో వీలైనప్పుడు ఆడి వస్తుంటాను. గది పంచుకోవడం గురించి లెక్కల మాస్టారు గారు చెప్పినది నాకు నచ్చింది గానీ, నా వరకు ఆ ప్రశ్నే రాదు. టేబుల్ మీద తొమ్మిది మంది ఉంటే చాలాసార్లు నేనొక్కదాన్నే ఆడమనిషిని. ఎక్కడ దిగారు అని అడిగిన ప్రతివారికీ దురుద్దేశం ఉంటుందని అనను, అయినా నా హోటలు పేరు టేబుల్ మీద ఎవరికీ చెప్పను. రాత్రి ఆట ముగిసే వేళకు తెలిసిన టాక్సీని ముందే మాట్లాడుకుంటాను.

ఆటలో ఒక తమాషా ఉంది. నేను పందెం పెంచితే కొందరు గౌరవంగా ముక్కలు పడేస్తారు, కొందరు ఆడది బ్లఫ్ చేయదన్న, అంటే మంచి ముక్కలు లేకుండా ఉన్నట్టు నటించదన్న నమ్మకంతో పడేస్తారు. ఈ రెండో రకం వల్ల నాకు కలిగిన లాభాన్ని నేను ఫిర్యాదు చేయబోవడం లేదు. మధ్యలో పాఠాలు చెప్పేవారు మాత్రం విసుగు పుట్టిస్తారు. నేను ఎలా ఆడి ఉండవలసిందో వివరించే పెద్దమనిషిని, చేయి నడుస్తుండగా సలహాలు నిబంధనలకు విరుద్ధమని ఒకసారి గుర్తుచేస్తే చాలు, ముక్కలు పంచే డీలరు కూడా మన పక్షానే నిలుస్తారు.

మద్యం గురించి కూడా ఒక మాట. చాలా నౌకల్లో ప్రవేశ రుసుములోనే భోజనం, మద్యం కలిపి ఉంటాయి కాబట్టి, అక్కడ సాంగత్యమంటే గ్లాసు పట్టుకుని నిలబడటమే అనుకునేవారు ఎక్కువ. నేను తాగను. మొదట్లో దానివల్ల ఒంటరినవుతానేమో అనుకున్నాను గానీ, తాగని వాళ్లు కూడా చాలామందే ఉంటారు, వాళ్లు భోజనాల దగ్గర తొందరగా కనిపిస్తారు. మీరు వెతుకుతున్న మనుషులు బహుశా అక్కడే దొరుకుతారు.

బతుకమ్మ రోజులకు, దసరాకు ఎంత పెద్ద టోర్నమెంటు ఉన్నా నేను వెళ్లను. ఇది త్యాగమేమీ కాదు, ఆ రోజుల్లో మనసు ఇక్కడే ఉంటుంది కాబట్టి అక్కడ కూర్చున్నా సరిగా ఆడలేను.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు

నేను పోకర్ ఆడను, ఆడేవారిని ప్రోత్సహించను. మా అబ్బాయి ఆడతాడు కాబట్టి ఈ చర్చ చదివాను. పైవారంతా అక్కడి జీవితం గురించి చక్కగా రాశారు గానీ, ఇంటి సంగతిని దాటవేశారు. అర్జున్ ఎరిగైసి 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన జట్టుకు స్వర్ణం రావడంలో పాలుపంచుకుని, మూడో బోర్డు మీద తనూ స్వర్ణం గెలిచాడు. ఆ పిల్లవాడి కీర్తి నీడలో మీరు పెళ్లిళ్లలో తలదాచుకోవడం ఏమంత బాగాలేదు. మీ చిన్న మామగారికి పోకర్ అని చెప్పండి. ఆయన కోపగించుకుంటారు, జూదమంటారు. 2017లో గుజరాత్ హైకోర్టు కూడా పోకర్‌ను అదృష్టం మీద నడిచే ఆటగానే తేల్చింది కాబట్టి ఆయన మాటను తేలికగా తీసేయడానికి లేదు. పశ్చిమ బెంగాల్ 1957 చట్టమేమో బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌ను జూదపు నిర్వచనం నుంచి మినహాయించింది, అది మీ వాదనకు పనికొస్తుంది. మా ఇంట్లో ఈ వాదన ఇంకా తెగలేదు. కానీ వాడు ఎక్కడ ఉన్నాడో, ఎంత తీసుకెళ్లాడో నాకు తెలుసు. వాడు అబద్ధం చెప్పి వెళ్లిన రోజులకన్నా ఇప్పుడు నాకు నిద్ర బాగా పడుతోంది.

ప్రశ్న వేసినవారి స్పందన: హనుమకొండ వాసి

అందరికీ కృతజ్ఞతలు. అధ్యాపకుల వారి మాట కాస్త గట్టిగా తగిలింది గానీ కాదనలేను, ఈసారి వెళ్లేముందే చిన్న మామగారికి ఫోను చేసి చెబుతాను. సికింద్రాబాదు నుంచి వాస్కోకు వారానికి రెండు రోజులు నడిచే రైలుకు టికెట్టు తీసుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. అక్కడ నాకు పరిచయమైన ఒక మిత్రుడు చాలా మంచివాడు, నాకు జ్వరం వస్తే రాత్రంతా తోడున్నాడు. కానీ ఆటలోంచి వెళ్లిన ప్రతిసారీ రీ-ఎంట్రీకి డబ్బు సర్దమంటాడు. కొంత తిరిగి ఇచ్చాడు, కొంత ఇవ్వలేదు. అతణ్ణి దూరం చేసుకోకుండా కాదనడం ఎలా?

సమాధానం: కాజీపేట జంక్షన్

అడిగినప్పుడు కాదనడం కష్టం, ఎందుకంటే అతను అప్పుడే ఓడి, మొహం వేలాడేసుకుని మీ ఎదుట నిలబడి ఉంటాడు. రైలు ఎక్కకముందే ఫోను చేసి, నా ఒక్క ప్రవేశానికి సరిపడా మాత్రమే తెస్తున్నాను, ఈసారి ఎవరికీ సర్దలేను అని చెప్పండి, చెప్పినట్టే అంతే తీసుకెళ్లండి, ఫోనులో డబ్బు పంపే యాప్‌కు రోజువారీ పరిమితి తగ్గించి పెట్టుకోండి. పాత బాకీ ప్రస్తావన ఇప్పుడు తేవద్దు. అయినా అతను అడగవచ్చు, లేట్ రిజిస్ట్రేషన్ ముగిసేదాకా అడుగుతూనే ఉండవచ్చు. అది ముగిశాక ఎవరూ కొత్తగా ప్రవేశించడానికి ఉండదు కాబట్టి, ఆ తరువాత వచ్చే విరామంలో అతణ్ణి మీరే భోజనానికి పిలవండి, బిల్లు మీరే కట్టండి.