ముడతల ఇంజెక్షన్‌కి ముందు డాక్టరు చూడాల్సిందేనా, ఫారం నింపితే చాలదా?

తుమ్మెద
నిన్న వేరే చర్చలో ఒకరు "ముడతల ఇంజెక్షన్ పది నిమిషాల పని, దానికి ముందు పరీక్షలు డబ్బు గుంజడానికే" అని రాశారు. అక్కడ వాదించడం ఇష్టం లేక ఇక్కడ విడిగా పెడుతున్నాను. డాక్టరు ఎదురుగా కూర్చుని, ముఖం చూసి, వాడుతున్న మందులేమిటో అడగకుండా సూది వేయకూడదని నియమం ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇది బోటులినం టాక్సిన్. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపుతుంది. 1989లో అమెరికాలో దీనికి మొదట అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకీ, ఆగకుండా బిగుసుకునే కనురెప్పలకీ. కనుబొమల మధ్య గీతలకి 2002లో ఇచ్చారు. ఫేషియల్ లాగా చూడాల్సినది కాదు.

మూడోమెట్టు
ఆ మాట రాసింది నేనే. ఇప్పటికీ అదే అంటాను. ఏడుసార్లు వేయించుకున్నాను, అన్నిసార్లూ కనుబొమల మధ్యే. ఐదు చోట్ల కలిపి 20 యూనిట్లు. మెడ కండరాలు మెలిపడే జబ్బుకి ఇదే మందు వందల యూనిట్లు వేస్తారు. 20 యూనిట్లకి ఇంత టెన్షన్ ఎందుకు? ఫారంలో జబ్బులూ మందులూ అన్నీ అడుగుతారు కదా, నిజం రాస్తే చాలు.

పాతపుస్తకం
యూనిట్లు అని ఊరికే రాయకండి. ఏ బ్రాండు? ఒక్కో బ్రాండు యూనిట్ ఒక్కో రకం. అదే చోటికి బొటాక్స్ 20 అయితే డిస్‌పోర్ట్ 50.

మూడోమెట్టు
ఇప్పుడు విషయం అది కాదండీ.

పాతపుస్తకం
అదే విషయం. ఏడుసార్లూ ఏ మందు వేశారో మీకు తెలుసా?

ఎండపొడ
నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నాకేమీ కాలేదు.

చిరుగాలి
చర్మవైద్యుల దగ్గర నర్సుగా పనిచేస్తున్నాను. మేం అడిగే ప్రతి ప్రశ్నకీ కారణం ఉంది. మయస్థీనియా లాంటి జబ్బులో నరానికీ కండరానికీ మధ్య సంకేతం ముందే బలహీనంగా ఉంటుంది, కాబట్టి మింగడం, ఒకటి రెండుగా కనబడటం గురించి అడుగుతాం. రక్తం పలచబడే మందులు వాడితే కమిలిపోతుంది. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈ మందు ప్రభావాన్ని పెంచవచ్చు. డిస్‌పోర్ట్‌లో ఆవుపాల ప్రోటీన్ ఆనవాళ్లు ఉండవచ్చు, అది పడనివాళ్లకి వేయకూడదు. గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ వద్దంటాం. మందు వేసిన చోటు దాటి పాకితే మింగడానికి, ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది రావచ్చనే హెచ్చరికను, మందు కాగితం మీద గళ్ల పెట్టెలో ముద్రించేదాన్ని, 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తప్పనిసరి చేసింది. ముడతలకి వాడే మోతాదులో అది చాలా అరుదు, భయపెట్టడానికి చెప్పడం లేదు.

ఇవన్నీ ఫారంలో పట్టే విషయాలే. పట్టనిది నుదురు. కొందరికి పైరెప్ప కాస్త వాలి ఉంటుంది, వాళ్లకి తెలియదు. నుదుటి కండరం కనుబొమని పైకి లాగి ఆ లోటు కప్పేస్తుంటుంది. వాళ్ల నుదుటి గీతలు వచ్చేదే అందువల్ల. ఆ గీతలకని సూది వేస్తే ఎత్తిపట్టే కండరమే పడుకుంటుంది. అందుకే కళ్లు మూయించి, నుదురు కదలకుండా వేలితో నొక్కి, ఇప్పుడు తెరవండి అంటాం. అర నిమిషం పని.

మూడోమెట్టు
జెంటామైసిన్ ఆస్పత్రిలో పడుకుంటే ఇచ్చే మందు. అది ఎక్కించుకుంటూ ముడతలకి ఎవరొస్తారండీ?

చిరుగాలి
ఎవరూ రాకపోవచ్చు. నుదురు సంగతి చెప్పండి.

తుమ్మెద
ఆ నుదురు నాదే. చూడకుండా వేశారు. వారం తిరిగేసరికి కనుబొమలు దిగి, రెండు రెప్పలూ కళ్ల మీద పడ్డాయి. దీనికి విరుగుడు లేదు, మందు ప్రభావం తగ్గేదాకా ఆగాల్సిందే అన్నారు. చుక్కల మందు వేస్తే కాస్త లేచేవి, మళ్లీ పడేవి. తొమ్మిది వారాలు రెప్ప వేలితో ఎత్తి పట్టుకుని చదువుకున్నాను.

మూడోమెట్టు
కష్టమే, కాదనను. మీకు ఫారం ఇచ్చారా, ఇవ్వలేదా?

తుమ్మెద
ఇచ్చారు. రెప్పలు బరువుగా ఉంటాయా అని కూడా ఉంది. లేదని టిక్ పెట్టాను.

మూడోమెట్టు
మరి మీరు తప్పు రాసి, అందరికీ పరీక్ష పెట్టమంటే ఎలా?

తుమ్మెద
తప్పు రాశానా! నా రెప్ప వాలి ఉందని నాకెలా తెలుస్తుంది? పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖం నాది. నాకు తెలిసిందే కదా ఫారంలో రాయగలను? తెలియనిది ఎదుటివాళ్లు చూసి చెప్పాలి. మీరు ఏడుసార్లు బాగున్నారని నేను అబద్ధాలకోరునా?

ఎండపొడ
ఇద్దరూ కొంచెం తగ్గండి.

మూడోమెట్టు
అబద్ధాలకోరు అనలేదు. కానీ మీరు "డాక్టరు చూడాలి" అన్నప్పుడల్లా నాకు ఒక గది గుర్తొస్తోంది. మొదటిసారి నేను పద్ధతిగా పెద్ద డాక్టరు దగ్గరికే వెళ్లాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఒక్కసారి కూడా కనుబొమ ఎత్తమనలేదు. "ఈ వయసులో ఎవరికి కనబడాలని?" అన్నారు. అసిస్టెంట్లు ఇద్దరు పక్కనే నిలబడి విన్నారు. ధ్యానం చేసుకోమని పంపించారు. ఆ రోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో నాకు తెలుసు. అందుకే ఫారం తప్ప ఏమీ అడగని చోటికి వెళ్తున్నాను. మీరు నియమం పెట్టిస్తే మళ్లీ అదే కుర్చీలో కూర్చోవాలి నేను.

తుమ్మెద
అది పరీక్ష కాదండీ, అవమానం. ఆయన మీ నుదురు చూడలేదు, నాకు వేసినవాళ్లూ చూడలేదు.

చిరుగాలి
ఆ మాట ఎవరూ అనకూడదు. అయితే ఎందుకు కావాలనుకుంటున్నారు అని మేమూ అడుగుతాం. ఎవరికీ కనబడని లోపం తమ ముఖంలో చూసుకుని నలిగిపోయేవాళ్లు ఉంటారు. ఎన్ని సూదులు వేసినా వాళ్లకి తృప్తి ఉండదు, బాధే పెరుగుతుంది.

మూడోమెట్టు
అక్కడే నాకు కుదరదు. నా కండరం చూడండి, నా మందులు అడగండి. నాకెందుకు కావాలో మీకు అనవసరం.

చిరుగాలి
అనవసరం అనలేను. అలా నలిగినవాళ్లని నా చేతుల మీదుగా చూశాను.

పాతపుస్తకం
ఏ బ్రాండో ఇంకా చెప్పలేదు.

మూడోమెట్టు
పొద్దున ఫోన్ చేసి అడిగాను. "ఎప్పుడూ వేసేదే మేడమ్" అన్నారు, పేరు చెప్పలేదు. ఇది నాకు నచ్చలేదు, ఒప్పుకుంటున్నాను. ఈసారి సీసా చూపించమంటాను. నుదుటికి కూడా వేయించుకుందామనుకున్నాను, ఆ వేలి పరీక్ష చేయమంటాను. కానీ అది నేను అడిగి చేయించుకునేది, నియమం అక్కర్లేదు.

తుమ్మెద
ఇవాళ ఇది చదివారు కాబట్టి మీరు అడగగలరు. మొదటిసారి వెళ్లిన రోజు నాకు ఏం అడగాలో తెలియదు.

మూడోమెట్టు
అయితే ఆ నియమంలో మమ్మల్ని ఏమేం అడగకూడదో కూడా రాయించండి. అప్పుడు నేనూ సంతకం పెడతాను.