సోలార్ కరెంటు దాచాలంటే: కొండ మీద చెరువులా, సబ్‌స్టేషన్‌లో బ్యాటరీలా?

పాణ్యం వాసి:
మా దగ్గర గని–శకునాల సోలార్ పార్కు 1000 మెగావాట్లది, 2017 నుంచి నడుస్తోంది. మధ్యాహ్నం కరెంటు పుష్కలం. సాయంత్రం ఏడింటికి ఊళ్లన్నీ లైట్లు, ఏసీలు వేసుకునే వేళకు సున్నా. ఈ లోటు తీర్చడానికే పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ చేపట్టారు. మిగులు కరెంటుతో నీళ్లు పై చెరువుకు ఎక్కించి, కావాల్సినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నింపుకున్నాక, ఆవిరైపోయినంత మేర కలుపుకుంటే చాలు. నది మీద ఆనకట్ట అక్కర్లేదు. ఇకపై ప్రభుత్వం డబ్బంతా దీనిమీదే పెట్టాలని నేనంటాను. బ్యాటరీలు పది, పదిహేనేళ్లకు మార్చాలి, సెల్స్ కోసం చైనా వైపు చూడాలి. చెరువు, టర్బైను నలభై, యాభై ఏళ్లు నిలుస్తాయి.

సబ్‌స్టేషన్ డ్యూటీ:
పాణ్యం గారూ, ఆయుష్షు విషయంలో మీరన్నది నిజమే. కానీ కట్టడానికి పట్టే కాలం చూడండి. నాగార్జునసాగర్‌లో నీళ్లు వెనక్కి తోడగల యూనిట్లు 1980లలోనే పెట్టారు. కింద నీళ్లు నిలిపే టెయిల్ పాండ్ డ్యామ్ పూర్తయ్యేసరికి దశాబ్దాలు గడిచిపోయాయి. అన్నాళ్లూ ఆ యూనిట్లను మామూలు జల విద్యుత్తుకే వాడుకున్నాం. శ్రీశైలం ఎడమగట్టున కూడా అలా వెనక్కి తోడగల (రివర్సిబుల్) 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అక్కడ నీళ్లు ఎప్పుడు వదలాలన్నదే రెండు రాష్ట్రాల మధ్య తగాదా.

బ్యాటరీ కంటైనర్లు తెచ్చి, సబ్‌స్టేషన్ పక్కన బిగించి, ఏడాది రెండేళ్లలో నడపొచ్చు. దక్షిణ ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ 2017లో నెలల్లోనే లేచింది. మబ్బు కమ్మి సోలార్ ఒక్కసారిగా పడిపోతే సెకనులోపే అందుకుంటుంది. పెట్టిన కరెంటులో నూటికి 85 దాకా తిరిగొస్తుంది, పంప్డ్‌లో 75, 80 మధ్య. ధర కూడా మారిపోయింది. మన దేశంలో 2022 టెండర్‌లో మెగావాటు బ్యాటరీకి నెలకు 10 లక్షల రూపాయల పైన పలికిన అద్దె, ఇటీవలి టెండర్లలో అందులో చిన్న వంతుకు దిగింది.

అరకు బిడ్డ:
వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక్క యూనిట్ కరెంటు రావాలంటే దాదాపు 4 వేల లీటర్ల నీళ్లు దిగాలి. ఎత్తు రెట్టింపైతే నీళ్లు సగం చాలు. అందుకే కంపెనీల చూపు మా తూర్పు కనుమల మీద పడింది. అల్లూరి జిల్లాలో ఇలాంటి ప్రాజెక్టులు వద్దని గిరిజనులు ఆందోళనలు చేస్తున్నారు. ఇది ఐదో షెడ్యూల్ ప్రాంతం. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా 1/70 చట్టం, గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం ఉన్నాయి. గ్రామసభను అడగకుండా కాగితాలు కదపడం మాకు అవమానం. కాఫీ, మిరియాల తోటలూ వాగులూ పోయాక పరిహారం ఎంతిస్తే సరిపోతుంది?

పాణ్యం వాసి:
తమ్ముడూ, మీ కొండల్లో వద్దనడం సబబే. పిన్నాపురం లాంటి బీడు నేలల్లో కట్టడానికి అభ్యంతరం ఏముంది? బ్యాటరీల్లో నిప్పు భయం కూడా ఉంది. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో ఎంత పెద్ద మంటలొచ్చాయో చూశాం. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

సబ్‌స్టేషన్ డ్యూటీ:
అక్కడ పాత రకం బ్యాటరీలన్నిటినీ ఒకే భవనంలో పేర్చారు. ఇప్పుడు ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అంత తేలిగ్గా అంటుకోదు, కంటైనర్ల మధ్య ఎడం కూడా వదులుతారు. ప్రమాదం లేదని చెప్పను. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 2020 ఆగస్టులో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు, అది జల విద్యుత్ కేంద్రం, అక్కడ లిథియం బ్యాటరీలు లేవు. జాగ్రత్త రెండింటికీ కావాలి. నా మాట ఇదీ: సాయంత్రం రెండు నుంచి నాలుగు గంటల లోటుకు బ్యాటరీలు ఇప్పుడే పెట్టాలి. పంప్డ్ విషయంలో సాగర్, శ్రీశైలం యూనిట్లను ముందు పూర్తిగా వాడుకున్నాకే కొత్త కొండ తవ్వాలి.

ఖమ్మం రైతు:
దాచే ముందు పగలే వాడుకునే దారి చూడరేం? తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. ఆటో స్టార్టర్ పెట్టిన బోరు అర్ధరాత్రి కూడా పోస్తూనే ఉంటుంది. ఆ లోడంతా ఎండ ఉన్న వేళకు జరిపితే దాచాల్సింది తగ్గుతుంది, రైతు రాత్రి పాము భయంతో పొలానికి పోవక్కర్లేదు.

పాణ్యం వాసి:
మీ మాట ఒప్పుకుంటాను అన్నా. కానీ ముసురు పట్టి మూడు రోజులు ఎండే రాకపోతే? నాలుగు గంటల బ్యాటరీ మొదటి రాత్రికే అయిపోతుంది.

సబ్‌స్టేషన్ డ్యూటీ:
ఆరేడు గంటల పిన్నాపురం కూడా అంతే కదండీ, నింపడానికి మిగులు కరెంటే ఉండదు. నైరుతి రుతుపవనాల నెలల్లో మన రాయలసీమలో గాలి బాగా వీస్తుంది, అది కొంత ఆదుకుంటుంది. మిగతాది ఇప్పటికీ బొగ్గే.