కౌంటర్ స్ట్రైక్ 1.6 సర్వర్‌లో కొత్తవాళ్లు నిలవడం లేదు, ఏం చేయాలి?

నల్లగొండలో దోస్తులం కలిసి కౌంటర్ స్ట్రైక్ 1.6 (కంప్యూటర్‌లో రెండు టీంలుగా ఆడే పాత షూటింగ్ గేమ్) సర్వర్ నడుపుతున్నాం. 16 స్లాట్లు, అంటే ఒకేసారి 16 మంది ఆడొచ్చు, ఎక్కువగా డస్ట్2 మ్యాప్, రాత్రి 9 నుంచి 11 దాకా. మిర్యాలగూడ, దేవరకొండ నుంచి కూడా ఆడతారు. ఒకప్పుడు స్లాట్ దొరకడమే కష్టం. ఇప్పుడు ఆదివారం తప్ప ఆరేడుగురికి మించి రావడం లేదు.

పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే టైం) 40 మిల్లీసెకన్ల లోపే ఉంటుంది, సర్వర్‌తో ఇబ్బంది లేదు. 2023లో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చినా మేం దానికి మారలేదు, దానికి సరిపడా గ్రాఫిక్స్ కార్డు మాలో చాలామందికి లేదు.

సమస్యంతా కొత్తవాళ్లది. ఇంటర్ పిల్లలు వస్తారు, నాలుగు రౌండ్లు ఆడి వెళ్లిపోతారు. రౌండ్ మొదట్లోనే చచ్చిపోతే అది అయ్యేదాకా చూస్తూ కూర్చోవాలి. ఫోన్లో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అయితే వెంటనే ఇంకో మ్యాచ్ ఎక్కొచ్చు. పైగా ఇక్కడ ఎదురుగా ఉండేది ఏళ్ల తరబడి ఆడిన చేయి. వెళ్లిపోయే పిల్లలను తప్పుపట్టలేను.

రౌండ్ టైం 5 నిమిషాల నుంచి 2కి తగ్గించాం. ఆటో టీం బ్యాలెన్స్ ఆన్‌లోనే ఉంది, కానీ అది తలలు లెక్కపెడుతుంది తప్ప ఆటతనం చూడదు. బాట్లు (కంప్యూటరే ఆడించే ఆటగాళ్లు) పెడితే పాతవాళ్లకు బోర్ కొట్టింది. డెత్‌మ్యాచ్ (చచ్చినా వెంటనే మళ్లీ బతికి ఆడే పద్ధతి) ప్లగిన్ వేస్తే కొత్తవాళ్లు బాగానే నిలిచారు, బాంబు పెట్టే అసలు ఆట కోసం వచ్చే పాతవాళ్లు మాత్రం తగ్గిపోయారు. ఇద్దరూ కావాలి మాకు, ఈ సర్వర్ మూతపడటం అస్సలు ఇష్టం లేదు.

ఒకే సర్వర్‌లో డెత్‌మ్యాచ్, అసలు ఆట రెండూ నడిపి కొత్తవాళ్లను నిలుపుకున్నవాళ్లుంటే, ఏది ఏ టైంకి పెట్టారో చెప్తారా?